ముందు ఒక్క పేజీ

1992వ సంవత్సరం జూలై ఆరవ తేదీ, సోమవారం ఉదయం, పది గంటలకు ఇంకా ఐదు నిమిషాలుండగా, మన నీటి సరఫరా పథకాల రూపకల్పన కార్యాలయంలో టైపిస్టుగా చేరడానికి వచ్చిన ఒక యువతి, నియామక పత్రాన్ని గుమస్తాగారి చేతికిచ్చే ముందు మరొక్కసారి చదువుకుని, "ఇందులో నెల తప్పు పడిందండీ" అని వినయంగా మనవి చేశారు. చేరకముందే కార్యాలయం తప్పు పట్టుకున్న ఉద్యోగినిని ఏమనాలో ఆనాటి పెద్దలకు పాలుపోలేదు. తప్పు దిద్దించి, కుర్చీ చూపించారు. ఆ కుర్చీలో మొదలై ముద్రణ గది బాధ్యతల వరకు సాగి, ముప్పైమూడేళ్ళు దాటిన ఆ ఉద్యోగ ప్రస్థానం ఈ నెలాఖరుతో సగౌరవంగా పూర్తవుతున్న శుభవేళ, మనమందరం "ఒక్క పేజీ మేడం" అని ఆప్యాయంగా పిలుచుకునే సహోద్యోగినికి ఈ అక్షరాభినందన.

తొలి ఆరేళ్ళూ వారు టైపు యంత్రం ముందే గడిపారు. నాలుగు కార్బన్ కాగితాల కింద ఐదో ప్రతి కూడా చదవగలిగేలా ఉండాలంటే వేలికి ఎంత బలం కావాలో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వారి భర్త దర్జీ. సుద్దతో గీత గీసి, టేపుతో రెండుసార్లు కొలిస్తే తప్ప కత్తెర ముట్టని మనిషి. ఆ ఇంటి జాగ్రత్త ఈ ఆఫీసుకు ఎంత పనికొచ్చిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1998లో కంప్యూటర్లు వచ్చాయి. మెట్ల పక్కనున్న, ఒకే కిటికీ గల ఇరుకు గదిని ముద్రణ గదిగా మార్చి, తాళంచెవి మేడంగారికి అప్పగించారు. ప్రింట్ అన్న గుర్తు నొక్కితే కాగితం వస్తుందని అందరూ అనుకున్నారు. కాగితం వస్తుంది, నిజమే. దాని మీద ఏం వస్తుందన్నదే ప్రశ్న. ఉత్తరాల ప్రోగ్రాంలో రాసినదాన్ని, ఆ ఫాంటు లేని మరో కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలన్నీ డబ్బాలైపోతాయి. పట్టికల ప్రోగ్రాంకు కాగితం అంచు ఎక్కడుందో పట్టదు. చివరి నిలువు వరుసను తెగ్గోసి మరో కాగితం మీద పడేస్తుంది. డ్రాయింగుల ప్రోగ్రాం ఏ సైజు, ఏ స్కేలు అని పెళ్ళిచూపుల్లో అడిగినన్ని ప్రశ్నలు అడుగుతుంది. స్లయిడ్ల ప్రోగ్రాం నల్లటి నేపథ్యంతో పూట తిరిగేసరికి ఇంకంతా తాగేస్తుంది. ఇక ఈ-మెయిలు, చివరి ఒక్క లైను కోసం ఒక నిండు కాగితం అడుగుతుంది. ఇన్ని పేచీకోరు ప్రోగ్రాములకు ఒక్క యంత్రంతో రాజీ కుదర్చడం మాటలు కాదు. ఎవరి గుణం ఎలాంటిదో, ఎవరిని ఎలా దారికి తేవాలో మేడంగారు ఒక నీలం అట్ట నోటుపుస్తకంలో, ప్రోగ్రాంకొక పేజీ చొప్పున, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టుకున్నారు.

2003లో ఒకరోజు, ఏ వీధిలో ఎన్ని కుళాయిలున్నాయో చూపే పట్టిక ముద్రణకు వచ్చింది. తెర మీద చూస్తే మూడే పేజీలు. మేడంగారు ప్రింట్ నొక్కి భోజనానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి గది నిండా తెల్ల కాగితాలు: ట్రే మీద, బల్ల మీద, కుర్చీ కింద. మూడు కాగితాల మీద కుళాయిలున్నాయి. మిగిలిన మూడువందల డెబ్భై ఏడింటిలో ఏమీ లేదు. కాదు, చిట్టచివరి కాగితం అడుగున ఒక చుక్క ఉంది. ఎవరో ఆ పట్టికలో ఎక్కడో కింద, ఎవరికీ కనబడని గడిలో చుక్క పెట్టి మరిచిపోయారు. ఆ చుక్కను చేరుకోవడానికి యంత్రం దారిలోని ఖాళీనంతా శ్రద్ధగా ముద్రించింది.

మర్నాడు మేడంగారికి మెమో వచ్చింది. ఫైలు పంపింది ఎవరో వారు బయటపెట్టలేదు, చుక్క ఊసే ఎత్తలేదు. "ముందు ఒక్క పేజీ ముద్రించి చూడకపోవడం, ఎన్ని పేజీలు వస్తాయో గమనించకపోవడం నా పొరపాటే" అని రెండు ముక్కల్లో జవాబిచ్చారు. తెల్ల కాగితాలు తిరిగి ట్రేలోకే వెళ్ళాయి. మెమో మాత్రం వారి సర్వీసు ఫైలులో ఉండిపోయింది. ఆనాటి నుంచి ఎంతటి అధికారి ఎంత తొందరలో వచ్చినా ముందు ఒక్క పేజీ. దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని, అంచులు, అంకెలు చూసి, "ఊఁ, ఇప్పుడు కానివ్వండి" అంటేనే మిగతావి. విసుక్కున్నవాళ్ళు విసుక్కున్నారు, పేరు పెట్టినవాళ్ళు పేరు పెట్టారు. ఆ పేరే వారికి బిరుదైంది.

2017లో కొత్తగా వచ్చిన ప్రధానాధికారి మంచి పనిమంతులు, కొంచెం తొందర మనిషి. ఎవరి బల్ల మీద నుంచి వాళ్ళే ముద్రించుకునే రోజుల్లో ప్రత్యేకంగా ఒక గది దేనికని, వచ్చే ఒకటో తారీకు నుంచి ముద్రణ గదిని మూసి, మేడంగారిని తపాలా స్వీకరించే కౌంటరుకు మార్చాలని ఉత్తర్వు ఇచ్చారు. తాళంచెవి అప్పగించి ఇంటికి వెళ్ళిన ఆ సాయంత్రం వారు కన్నీళ్ళు పెట్టుకున్నారని తరువాత దర్జీగారే చెప్పారు.

"ఉద్యోగం ఉందిగా, ఎందుకా ఏడుపు?" అని ఆయన అడిగారట.

"నన్ను తీసెయ్యట్లేదులెండి. నా పనిని తీసేస్తున్నారు. అది దండగమారి పనని తేల్చేశారు."

నాలుగు రోజుల తరువాత, నలభై రెండు కాలనీలకు తాగునీరిచ్చే పథకం ప్రతిపాదన సాయంత్రం నాలుగు గంటలలోపు పరిశీలక మండలికి కాగితాల మీద, ఐదు ప్రతులుగా చేరాలి. చేరకపోతే ఆ కాలనీలు మరో ఏడాది బిందెలు పట్టుకుని నిలబడాలి. పదకొండున్నరకు అన్ని విభాగాలవారూ తమ తమ బల్లల దగ్గరి నుంచే, గదిలోంచి హాల్లోకి మార్చిన యంత్రానికి ప్రింట్ నొక్కారు. ముందు వెళ్ళిన డ్రాయింగు పెద్ద కాగితం అడిగింది. ట్రేలో చిన్నవే ఉన్నాయి. అది మొరాయించి నిలబడితే, దాని వెనక ఉత్తరాలు, పట్టికలు, ఫోటోలు అన్నీ నిలబడ్డాయి. ఏమీ రావడం లేదని ప్రతివాళ్ళూ మళ్ళీ నొక్కారు. మళ్ళీ మళ్ళీ నొక్కారు. పన్నెండున్నరకు వరుసలో తొంభైయారు పనులు పేరుకుపోయాయి. ఎవరో పెద్ద కాగితం తెచ్చి పెట్టగానే డ్రాయింగులు, పట్టికలు, ఒకే ఉత్తరం పదకొండుసార్లు కలగాపులగంగా ఊడిపడసాగాయి.

ప్రధానాధికారి కౌంటరు దగ్గరికి స్వయంగా వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది.

"మేడం, మీరొకసారి రావాలి."

మేడంగారు వచ్చారు. యంత్రం వైపు కాదు, మనుషుల వైపు చూశారు. "ముందు అందరూ చేతులు పైకెత్తండి. ఎవరూ ఏదీ నొక్కొద్దు. నొక్కారో, ఊరుకోను!"

పాతికమంది ఇంజనీర్లు చేతులెత్తి నిలబడిన ఆ దృశ్యాన్ని చూసినవారెవరూ మరిచిపోలేదు. మేడంగారు వరుసలో ఉన్నవన్నీ రద్దు చేశారు. నీలం నోటుపుస్తకం తెరిచారు. ఏ ఫైలును ఏ ప్రోగ్రాంలో తయారు చేశారో ఆ ప్రోగ్రాంలోనే తెరిచి, పట్టికలకు హద్దులు గీసి, స్లయిడ్ల నలుపు తీసేసి, ఒక్కోదాని నుంచి ఒక్కో పేజీ ముద్రించారు.

"టైమెక్కడుంది మేడం, ఒక్క పేజీ ఒక్క పేజీ అంటూ!" అని డ్రాయింగుల ఇంజనీరు తల పట్టుకున్నారు.

"అందుకేగా బాబూ. రెండోసారి వేసే టైము మనకి లేదు."

గొట్టాల డ్రాయింగును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, చేతిసంచిలోంచి తీసింది ఏమిటనుకున్నారు? భర్తగారి కొలత టేపు. కాగితం మూలనున్న స్కేలు గీత సరిగ్గా పది సెంటీమీటర్లుండాలి. తొమ్మిదిన్నర కూడా లేదు. ఎవరో "ఫిట్ టు పేజ్" ఎంచుకోవడంతో యంత్రం డ్రాయింగును చడీచప్పుడు లేకుండా కుదించేసింది. మండలిలో స్కేలు పెట్టి కొలిచే మొదటి పరిశీలకుడు దాన్ని తిప్పి పంపేవాడు. డ్రాయింగుల ఇంజనీరుగారు గబగబా వెళ్ళి ఆ ఫైలు మళ్ళీ తెరిచారు.

"నూటికి నూరు పెట్టి, పెద్ద కాగితం మీద వెయ్యండి. ఊఁ, ఇప్పుడు కానివ్వండి."

మూడు గంటల ఇరవై నిమిషాలకు ఐదు ప్రతులూ కుట్టి సిద్ధమయ్యాయి. ఇంకా పన్నెండు నిమిషాల గడువు మిగిలి ఉండగా మన డ్రైవరు వాటిని మండలి బల్ల మీద పెట్టారు. పథకం ఒక్క ప్రశ్న లేకుండా ఆమోదం పొందింది. ఈనాడు ఆ నలభై రెండు కాలనీల్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయి!

మర్నాడు ఉదయం ప్రధానాధికారి తాళంచెవి తెచ్చి, మేడంగారి చేతిలో పెట్టి, ఇంకో చేతిలోని పెన్‌డ్రైవు చూపించి, "నాదొక ఉత్తరం ఉందండీ. ముందు ఒక్క పేజీ వేసి చూపిస్తారా?" అన్నారు. అందులో ఉన్నది తన ఉత్తర్వును తానే రద్దు చేస్తూ రాసిన ఉత్తర్వు. మేడంగారు దాన్ని కూడా కిటికీ దగ్గర పట్టుకుని చూసి, తేదీ తప్పుందని వెనక్కిచ్చారు. సార్ నవ్వుతూ దిద్దుకున్నారు.

ఇక చివరగా ఒక మాట. ఇరవై మూడేళ్ళనాటి ఆ చుక్క ఎవరిదో ఈ కార్యాలయంలో ఇద్దరికే తెలుసు. మెమో వచ్చిన సాయంత్రం మేడంగారు కుళాయిల పట్టిక తయారు చేసిన గుమస్తా బల్ల దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా, "బాబూ, కింద ఒక చుక్క పడింది. తీసేశాను. ఇక దాని సంగతి మర్చిపో" అన్నారు. ఆ గుమస్తా మర్చిపోలేదు. అప్పుడు లేచి నిజం చెప్పే ధైర్యం చాలక, ఆ మెమో బరువును ఒక నిర్దోషి మీద ఇన్నేళ్ళు ఉంచేసిన ఆ గుమస్తాయే ఈ వ్యాసకర్త. చుక్క నాది, మేడం. అందరి ముందూ చెబుతున్నాను. ఈ మాటే రాతపూర్వకంగా ఇచ్చాక, నిన్న మీ సర్వీసు ఫైలులో నుంచి ఆ మెమోను తొలగించారు.

ఈ కార్యాలయ పత్రిక సంచికలోని పేజీలన్నీ మీ చేతి మీదుగానే ముద్రణకు వెళ్ళాయి, ఈ వ్యాసం తప్ప. దీన్ని మేమే దొంగతనంగా వేసుకున్నాం. ముందు ఒక్క పేజీ వేసి, కిటికీ దగ్గర పట్టుకుని, తేదీలతో సహా సరిచూసుకుని మరీ. మీకూ, దర్జీగారికీ ముందున్న రోజులన్నీ నిండు ఆరోగ్యంతో, తీరికతో, నవ్వులతో నూరేళ్ళ దాకా సాగాలి. ఆ రోజుల్లో దేన్నీ ముందుగా పరీక్షించి చూసుకోవలసిన అవసరమే మీకు రాకూడదని మీ కార్యాలయం మనసారా కోరుకుంటోంది.