పద్నాలుగో రోజు దాకా ఆగమన్న అరుణకుమారి గారు

1989 ఆగస్టు ఏడవ తేదీ సోమవారం నాడు శ్రీమతి అరుణకుమారి గారు మా సంస్థ ఆళ్లగడ్డ శాఖలో ప్రయోగశాల సహాయకురాలిగా చేరారు. వారు శిరివెళ్ల వాస్తవ్యులు, ఉపాధ్యాయులు కీ.శే. అబ్రహాము గారి జ్యేష్ఠ పుత్రిక. ఒక సూక్ష్మదర్శిని, ఒక బల్ల, రెండు కుర్చీలు గల ఆ గదిలో పదిహేనేళ్లు పనిచేసి, 2004లో నంద్యాల ప్రధాన ఆసుపత్రికి బదిలీపై వచ్చి, సూక్ష్మజీవ పరీక్షా విభాగాన్ని తీర్చిదిద్ది, ముప్పయ్యారేళ్ల సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

2014లో మా వద్ద మోకీలు మార్పిడి చికిత్సలు ఆరంభమయ్యాక వారి దీక్ష అందరికీ తెలిసివచ్చింది. అమర్చిన కీలు నొప్పి పెడితే అది వదులైనందువల్లనా, క్రిములు చేరినందువల్లనా అని తేల్చడం సులభం కాదు. ఆ క్రిములు లోహాన్ని అంటిపెట్టుకుని దాగి ఉంటాయి, నిదానంగా పెరుగుతాయి. రోగి ముందే యాంటీబయాటిక్ మాత్రలు మింగి ఉంటే పరీక్షకు చిక్కనే చిక్కవు. ఊళ్లో మాత్రలు తెచ్చుకుని వాడి, పెద్ద డాక్టరు కోప్పడతారని దాచడం మా ప్రాంతంలో మామూలే. అందువల్ల మేడమ్ గారు రోగి మాట విన్నాక సంచి కూడా బోర్లించి చూపమనేవారు. “మీకంటే మీ సంచే నిజం చెప్తాది” అనేవారు. ఎవరూ నొచ్చుకున్నట్టు నేనెరుగను.

2019లో రుద్రవరం నుంచి జానకమ్మ అనే రైతు మహిళ వచ్చారు. మూడేళ్ల క్రితం మరోచోట అమర్చిన మోకీలు వాచి, అడుగు తీసి అడుగు వేయలేని స్థితి. క్రిములు లేకుంటే ఒకే శస్త్రచికిత్సలో కొత్త కీలు వేయవచ్చు. ఉండి కూడా కనబడకుంటే ఆ కొత్త కీలూ చెడిపోతుంది, ఇక ఆమె నడకకే ముప్పు. సంచిలో మాత్రలు దొరికాయి. మేడమ్ గారు వాటిని మాన్పించి, రెండు వారాలు ఆగి, కీలులోని నీరు తీయించి, దాన్ని క్రిములు మొలిపించే ప్లేట్లలో వేసి, వాటిపై ఎర్ర సిరాతో ‘14 రోజులు’ అని రాసి, వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరులో పెట్టారు.

అయిదో రోజు శనివారం. మేడమ్ గారు సెలవులో ఉన్నారు. శనివారం ఇంక్యుబేటరు ఖాళీ చేయడం మా అలవాటు. ఎర్ర సిరా చూడకుండానే ఆ ప్లేట్లు పారవేయబడ్డాయి. క్రిములు లేవని నివేదిక వెళ్లింది. దాన్ని నమ్మి శస్త్రచికిత్స గురువారానికి నిర్ణయించి, జానకమ్మను చేర్చుకున్నారు.

సోమవారం ఖాళీ అర చూసిన మేడమ్ గారు నేరుగా వైద్యులకు చెప్పి శస్త్రచికిత్స ఆపించి, వార్డుకు వెళ్లారు. నేను వెంట ఉన్నాను.

“జానకమ్మా, పద్నాలుగు దినాలు పెట్టాల్సింది, అయిదో దినమే పారేసినా. తప్పు నాదే. మళ్లా సూది గుచ్చాల,” అన్నారు.

జానకమ్మ కుమారుడు అజయ్ కుమార్ మండిపడ్డారు. జానకమ్మ మాత్రం కాలు చాపి, “గుచ్చుమ్మా. చెప్పకుండా కోసింటే నేనేం జేసేదాన్ని?” అన్నారు.

ఈసారి వేర్వేరు రోజుల్లో రెండుమార్లు నీరు తీశారు. రెండింటిలోనూ తొమ్మిదో రోజున ఒకే క్రిమి మొలిచింది. పాత కీలు తీసి, వారాల తరబడి మందు ఎక్కించి, క్రిమి పోయిందని తేలాకే కొత్తది వేశారు. జానకమ్మ నేడు మిరప చేనికి నడిచే వెళ్తున్నారు.

ఆ తప్పుకు మేడమ్ గారికి మెమో వచ్చింది. వారికి రావలసిన విభాగ ప్రధాన పదవి రెండేళ్లు వెనక్కిపోయింది.

ఆ ప్లేట్లు పారవేసింది నేను. “అయిదు దినాల్లో ఏమీ రాలేదు కదా మేడమ్, ఊరకుందాం” అని ఆ సోమవారం బతిమాలిందీ నేనే. మెమో అందిన నాడు వారు నాతో అన్నది ఇంతే: “భయపడినోడు దాస్తాడప్పా. నీకు భయం పోయిన దినం చెప్పు.” అది పోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. సిగ్గుపడుతున్నాను.

అరుణకుమారి గారు పరిపూర్ణ ఆరోగ్యంతో, ఏనాడూ సూది గుచ్చించుకోనక్కరలేని మోకాళ్లతో, మనుమలు మనుమరాండ్ర నడుమ నూరేళ్లు చల్లగా ఉండాలని ప్రార్థిస్తూ, ఆ మెమోను వారి సర్వీసు రిజిస్టరు నుంచి తొలగించి నా రిజిస్టరులో చేర్చవలసిందిగా యాజమాన్యాన్ని సవినయంగా కోరుతున్నాను.

— క్రాంతి కుమార్, ల్యాబ్ టెక్నీషియన్, నంద్యాల