ఆరో పాటలో నీళ్ళు మోసినవాడు

"సాయంత్రం నాలుగింటిలోపు డ్రాగన్‌ని చంపాలి. రాణికి పట్టం కట్టాలి. ఎముకల వంతెన తగలబెట్టాలి. మధ్యలో నా బీపీ మాత్ర. ఇంకేమైనా మర్చిపోయానా అక్కా?"

"బావ కళ్ళద్దాలు తేవాలి. ఐదింటికి ఆ కళ్ళద్దాలవాడు కొట్టు కట్టేస్తాడు."

రికార్డింగ్ గదిలో ఇద్దరున్నారు. ఒకరు నలభై ఏళ్ళుగా హెవీ మెటల్ రాక్ పాటలు అరుస్తున్న గాయకుడు. రెండో మనిషి సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైన అతని అక్క. గాజు అవతల రికార్డిస్టు.

"సరే, కళ్ళద్దాలు. ముందు నువ్వు గీసిన మా రాజ్యం పటం ఇటివ్వు. ఆల్బమ్ అట్ట మీద అచ్చు వెయ్యాలి."

"చెయ్యి వెనక్కి తీసుకో. ఆ ముళ్ళ పట్టీ తగిలితే చిరుగుతుంది. ఇవ్వను."

"ఇవ్వవా?"

"తప్పుల పటం మీద సంతకం ఎలా పెట్టమంటావురా? పన్నెండు పాటలూ కలిపి ఒకటే కథన్నావు. మూడో పాటలో లక్షమంది సైన్యం నల్లకోట నుంచి డ్రాగన్ కొండకి రాత్రికి రాత్రి వెళ్ళిపోయింది. స్కేలు పెట్టి చూశాను. నలభై మైళ్ళు. అంతా కొండదారి."

"రెక్కల గుర్రాలక్కా."

"రెక్కల గుర్రాలు పదే అని నువ్వే అరిచావు. లక్షమందిని వంతులవారీగా మోశాయా?"

"అది మాయాలోకం!"

"మాయాలోకమైతే మైలు పొట్టిదవుతుందా? ఇంకోటి. నీ నది సముద్రంలోంచి కొండెక్కుతోంది."

"శాపం వల్ల."

"శాపాన్ని పటంలో ఎలా చూపించను? దానికి గుర్తు లేదు."

"గురువుగారూ, మీ మాటలన్నీ మైకులో వినబడుతున్నాయి. రెండున్నరైంది. చివరి అరుపు రికార్డు చేసేద్దామా?"

"ఆగవయ్యా ఒక్క నిమిషం. అక్కా, రేపు పొద్దున నా గొంతు కోస్తారు. ఆ గడ్డ తీశాక అరుపు ఉంటుందో పోతుందో డాక్టరే చెప్పలేనన్నాడు. ఇవాళ పాడితే పాడినట్టు. నువ్వేమో మైళ్ళు పట్టుకు కూర్చున్నావు."

"అందుకే కూర్చున్నా. రేపట్నుంచి దిద్దుకోడానికి నీకు గొంతు ఉండకపోవచ్చు. అచ్చయ్యాక తప్పు కూడా నిజమైపోతుందిరా, ముప్పై నాలుగేళ్ళు చూశాను."

"గుర్రాలు వెయ్యి చేస్తా. చాలా?"

"లక్షమందికి వెయ్యా?"

"లక్ష గుర్రాలు! నది కిందికే పారుతుంది! శాపం తీసేశాను, పో! ఇప్పుడిస్తావా?"

"ఇంకొక్కటే."

"దేవుడా!"

"రెండో పాటలో సైన్యానికి ముందు ఒకడు కొలత గొలుసు లాగుతూ నడుస్తాడు చూడు, దారి కొలిచేవాడు. అడవిలో పాము కరిచి చచ్చిపోయాడు. అవునా?"

"... అవును."

"మరి ఆరో పాటలో నీళ్ళు మోస్తున్నాడేంటి?"

"వేరేవాడేమో."

"అదే గొలుసు. అదే తెగిన చెప్పు. ఎనిమిదో పాటలో గుర్రాలకి మేత వేస్తున్నాడు. పదకొండులో సాక్షాత్తూ రాణికే దారి చెబుతున్నాడు."

"అమ్మా, నేనూ అదే అడిగాను. దయ్యం అన్నారు."

"నువ్వు ఊరుకోవయ్యా!"

"దయ్యం మేత వేస్తుందా?"

"పొరపాటు, పొరపాటు. ఎవడు పట్టించుకుంటాడు? మావాళ్ళు తలలూపుతారు, మాటలు వినరు."

"నేను విన్నాను. చచ్చినవాణ్ణి రెండో పాటలోనే ఉండనీ. మిగతా మూడు చోట్లా తీసేయించు. నువ్వు మళ్ళీ అరవక్కర్లేదు కూడా, గాజు అవతలాయనే ఆ ముక్కలు కోసేస్తారు."

"తియ్యను."

"ఎందుకు?"

"గుర్రాలు నీ ఇష్టం. నది నీ ఇష్టం. అతని జోలికి రాకు."

"ఎందుకనే అడుగుతున్నా."

"... నాన్న గొలుసు లాగిన అడవి. దాని పటం మీ ఆఫీసులో ఉందిగా?"

"ఉంది."

"కింద ఎవరి పేర్లున్నాయి?"

"కొలిపించిన ఆఫీసరుది. గీసినవాళ్ళది. సరిచూసినవాళ్ళది."

"గొలుసు లాగినవాడిది?"

"... ఆ వరస లేదురా. ఎప్పుడూ లేదు."

"అక్కడ నాన్నని పాము కరిచేనాటికి నీకు పన్నెండేళ్ళు, నాకు తొమ్మిది. గొలుసు ఆఫీసుదని వాళ్ళే ఉంచేసుకున్నారు. ఇంటికి చెప్పులే వచ్చాయి. జరిగింది జరిగినట్టు రాద్దామనే రెండో పాటలో చంపానక్కా. మూడోది రాస్తుంటే దారంతా బోసిగా ఉంది. ఐదోదాకా ఆగాను. ఆపైన నా వల్ల కాలేదు. ఏదో ఒక పని చెప్పి పిలిచేశాను."

"పిలిచి నీళ్ళు మోయించావా, సన్నాసీ?"

"కత్తిద్దామనే అనుకున్నా. పట్టుకోలేదు."

"... ఆయన పట్టుకోడు."

"ఇప్పుడైనా పటం ఇస్తావా?"

"ఇదిగో. సంతకం పెట్టాను. దానికింద ఇంకో వరస గీశాను, చదువుకో."

"'గొలుసు లాగినది: మా నాన్న.' అక్కా..."

"నాకు ఏ రాజ్యాలూ తెలీవురా. పటం గియ్యమని నువ్వడిగితే నాకు తెలిసిన అడవి ఒక్కటే గుర్తొచ్చింది. దాన్నే పక్కకి తిప్పి గీశాను. ఆ నలభై మైళ్ళూ నాన్న కొలిచినవే. రాత్రికి రాత్రి ఎగిరిపోయారంటే నేనెలా ఒప్పుకోను?"

"గురువుగారూ, మూడుంపావు. డ్రాగన్..."

"డ్రాగన్ ఆగుతుందయ్యా. ముందు మామూలు గొంతుతో ఒక మాట చెప్పాలి. అది భద్రంగా దాచు, ఆ తర్వాతే అరుపు. గొంతు పోతే ఆ అరుపుతోనే పోనీ."

"రెడీ. చెప్పండి."

"వినేవాళ్ళూ, రాజు పేరు మర్చిపోండి, ఫర్వాలేదు. మీకంటే ముందు ఆ దారిలో చెప్పులరిగేలా నడిచి, కొలిచి, పటంలో ఎక్కనివాడు ఒకడున్నాడు. ఆయన్ని గుర్తుపెట్టుకోండి."