రెండో చప్పుడు

గాలి చొరబడని ఉక్కుగది. సిలిండర్‌లోని ఆక్సిజన్‌తో రోజంతా ఉండొచ్చో లేదో పరీక్షించడానికి ఆమె భర్త పొద్దుననగా అందులోకి వెళ్ళాడు. తాళానికి బిగించిన గడియారంలో సాయంత్రం అయితే తప్ప తలుపు తెరుచుకోదు. బయట ఆమె, మరిది కూర్చున్నారు.

"ఆక్సిజన్ నువ్వే నింపావా, బాబూ?"

"నేనే వదినా. అన్నయ్య చెప్పినన్ని మోల్స్. మోల్‌కి పదహారు గ్రాముల లెక్కన, తూకం వేసి మరీ."

"పదహారా?"

"ఆక్సిజన్‌కి పదహారేగా! నిద్రలో లేపి అడిగినా చెప్తా."

"అది ఒంటరి పరమాణువుకి. మనం పీల్చేది అణువు. అందులో పరమాణువులు రెండు. మోల్‌కి ముప్పై రెండు."

అతని నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"అంటే... సగమే నింపానా?"

"తలుపు కోసేవాళ్ళని పిలువు. ఊఁ, తొందరగా!"

అతను ఫోన్ చేసి వచ్చాడు. "బయల్దేరారు. అన్నయ్యకి ఏమీ కాదు వదినా. బాగుంటే ఒకసారి, ఊపిరాడకపోతే రెండుసార్లు తలుపు కొడతానన్నాడుగా?"

అంతలో లోపల్నుంచి చప్పుడైంది. ఒక్కటే.

"విన్నావా? బాగున్నాడు!"

"మాట్లాడకు," అంది ఆమె, తలుపుకి చెవి ఆనించి. "రెండోది కొట్టే ఓపిక ఉందో లేదో విననీ."