మబ్బుల మీద తోసిన విమానం

మా బాబాయ్ జన్మలో విమానం ఎక్కలేదు. ఈ మైదానంలో రన్‌వే పక్కన గడ్డి కోసే ట్రాక్టరు నడిపి, నడిపి, రిటైరయ్యాడు. కోయడానికి గడ్డి లేకపోయేసరికి కోతలు కోయడం మొదలుపెట్టాడు. అవన్నీ విన్నాం, అన్నీ మర్చిపోయాం. ఇదొక్కటి మాత్రం నేను మర్చిపోలేను, ఎందుకంటే ఆ సాయంత్రం ఎగరాల్సింది మా చెల్లి.

చెల్లి పొలాలకి పురుగుమందు కొట్టే చిన్న విమానం నడుపుతుంది. నేను దానికి మెకానిక్‌ని. అప్పటికి వారం రోజులుగా విమానం పెట్రోలు రాలేదు. అది నీలం రంగులో ఉంటుంది, ఖరీదెక్కువ, ట్యాంకరువాడు తెస్తే తప్ప దొరకదు. వాడేమో ఇదిగో అదిగో అంటున్నాడు. మా ఇంజన్ పాతది, సాధువు, మంచి కారు పెట్రోలు పోసినా నడుస్తుంది. నీలం పెట్రోలు మీద నాకేమంత ప్రేమ కూడా లేదు, అందులో సీసం ఉంటుంది, అది ప్లగ్గులకి పట్టేస్తే కూర్చుని గీకేది నేనే. కానీ మంచి కారు పెట్రోలు ఎక్కడుంది? ఇప్పుడు దాన్లో స్పిరిట్ కలుపుతున్నారు. దానికి కాసిని నీళ్లు తగిలాయా, స్పిరిటూ నీళ్లూ జత కట్టి అడుక్కి దిగిపోతాయి. బంకులో ఏం కొడుతున్నాడో బంకువాడికే తెలీదు. వద్దు, వద్దు అని వారమంతా చెప్పి నా నోరు పడిపోయింది.

ఆ రోజు పొద్దున్నే పొలాలవాళ్లు ఫోన్ చేశారు. సాయంత్రంలోగా మందు పడకపోతే వేరేవాళ్లని పిలుచుకుంటామన్నారు. వాళ్లనీ అనలేం, పురుగు ట్యాంకరు కోసం ఆగదు. ఆ సీజన్లో మాకు మిగిలిన పని అదొక్కటే. చెల్లి నన్ను అడగలేదు. బాబాయ్‌కి రెండు ఖాళీ క్యాన్లు ఇచ్చి, ఆయన స్కూటర్ మీద బంకుకి పంపించేసింది.

షెడ్డు ముందు రేకుల నీడలో పిన్ని టీ బల్ల ఉంటుంది. పిన్నంటే బాబాయ్ భార్యే. ఆ రోజు అక్కడ ఉన్నది పిన్ని, చెల్లి, నేను, మందు కలిపే మేస్త్రి. మేస్త్రి బస్తాలకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. విమానం మాకు నాలుగు బారల దూరంలో ఉంది. ఎవరికీ మాట్లాడే ఓపిక లేదు.

మధ్యాహ్నం దాటాక బాబాయ్ నడుచుకుంటూ వచ్చాడు, చేతికొక క్యానుతో. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఒక చెప్పు ఈడుస్తున్నాడు, దానికి పురికొస కట్టుంది. వెనకాలే ఒక గోధుమరంగు కుక్క వచ్చి, మా బల్ల కింద తనకి చోటున్నట్టే పడుకుంది.

"బండేదీ?" అంది పిన్ని.

"గేటు దగ్గర పెట్టా. అక్కడ నీడ బావుంది." గ్లాసు మీద గ్లాసు మంచినీళ్లు తాగాడు.

"అన్నయ్యా, ట్యాంకులో పొయ్యి" అంది చెల్లి.

నేను క్యాన్ల వైపు చూశాను. "రాత్రి వాన పడింది" అన్నాను. వారం కిందటైతే దీని మీద గంట మాట్లాడేవాణ్ని.

చెల్లి మొహం వాడిపోయింది. బాబాయ్ అది చూశాడు. చూసి, గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"వానకి భయపడేవాడు పెట్రోలు గురించి మాట్లాడకూడదురా అబ్బాయ్. నేనూ, మీరప్పటికి పుట్టలేదులే, ఇదే షెడ్డులోంచి రెండు సీట్ల విమానం తీసుకుని కొండల అవతల దిగాను. తిరిగొద్దామంటే ట్యాంకులో చుక్క లేదు. అక్కడ నీలం పెట్రోలు ఎవడిస్తాడు, మనిషే కనపడడు. ఒక డాక్టరుగారి కారు ఆగుంది. ఆయన్నడిగి, గొట్టం పెట్టి నోటితో లాగాను, ఇప్పటికీ తేన్పొస్తే ఆ వాసనే. ఒక్క క్యాను పోశాను, ఎగిరింది, అంతే. చెప్పుకోవాల్సినంత విషయం కూడా కాదు."

"ఇంతవరకూ బానే ఉంది" అంది చెల్లి.

"ఇంతవరకే బానే ఉందమ్మలూ. పైకి లేచాక కదా తెలిసింది. పోసింది కారు పెట్రోలాయె, బండికి కారు బుద్ధులొచ్చేశాయి. నేను తూర్పుకి తిప్పుతుంటే అది కింద రోడ్డు ఎటు పోతే అటే పోతానంటుంది. రోడ్డు వంకర తిరిగితే ఇదీ వంకర తిరుగుతుంది. కింద రోడ్డు మీద గుంత, పైన నాకు కుదుపు, తల వెళ్లి పైకప్పుకి కొట్టుకుంది, ఇదిగో బొప్పి, చూడు కావాలంటే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊళ్లోకి వచ్చేసరికి కింద చౌరస్తాలో ఎర్రలైటు పడింది. ఠక్కున ఆగిపోయింది."

"ఏది, కారా?" అన్నాడు మేస్త్రి కళ్లు తెరవకుండానే.

"విమానమయ్యా. గాల్లో. ఇంజన్ నడుస్తూనే ఉంది, బండి కదిలితే ఒట్టు. ఇంతలో వెనక ఒక కొంగల గుంపు వచ్చి ఆగింది. దాని వెనక ఇంకో గుంపు. ఇక అరుపులూ గోలా, నేనేదో కావాలని అడ్డం పెట్టినట్టు. ఒక ముసలి కొంగ మాత్రం ఎడమ పక్కనుంచి దూరి వెళ్లిపోయింది, అలాంటివాళ్లు ఎక్కడైనా ఉంటారు. పచ్చలైటు పడ్డాకే కదిలాం."

"పోయినసారి గద్దలన్నారు" అంది పిన్ని, గ్లాసులు కడుగుతూ.

"గద్దలు వేరే చౌరస్తాలో."

ఎవరూ నవ్వలేదు. నవ్వు రాక కాదు, దానికీ ఓపిక కావాలి కదా. బాబాయ్ కూడా నవ్వు కోసం ఆగలేదు.

"అసలు సంగతి అది కాదు. ఇంజన్ రుచి మరిగిందిరా. ఇంటికొచ్చాక నీలం పెట్రోలు పోస్తే పుక్కిలించి ఉమ్మేసింది. బతిమాలాను, బుజ్జగించాను, అబ్బే. ప్రొపెల్లరు ఇలా అటూ ఇటూ, అడ్డంగా తిప్పింది, వద్దంటే వద్దని. ఇక చచ్చినట్టు కారు పెట్రోలే పోసుకుని మర్నాడు సముద్రం మీదికి బయల్దేరాను."

"సముద్రం మీదికి ఎందుకు?" అన్నాను.

"ఓడలో పోతున్న ఒకాయన కళ్లజోడు మర్చిపోయాడు, అందించాలి."

"అందించావా?"

"అందించా, అది వేరే కథ, ఇప్పుడెత్తకు. తిరిగి వస్తుంటే నడిసముద్రంలో పెట్రోలైపోయింది. మీరైతే ఏం చేసేవారు? కేకలేసేవారు. నేను జేబులోంచి చేతిగుడ్డ తీశాను. పొద్దున పెట్రోలు పోస్తూ చేతులు తుడుచుకున్న గుడ్డ. పిండితే చుక్క రాలేదు. సరే అని దాన్ని ట్యాంకు మూతి దగ్గర ఊరికే అలా పట్టుకున్నాను. ఆ వాసనకే లేచిందిరా బండి! ఇంకా పైకి, ఇంకా పైకి, చుక్కలు తగుల్తాయేమో, తల వంచుకో అని నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. వాసనకే అంత ఎగిరింది, మరి నువ్వు రెండు క్యాన్లు పెట్టుకుని రాత్రి వాన పడిందని మూలుగుతున్నావ్."

"విన్నావా?" అంది చెల్లి నాతో. కథ నమ్మి కాదు. నమ్మడానికి ఏదో ఒకటి కావాలి, అంతే. లేచి హెల్మెట్ తీసుకుంది. "గాలి తగ్గుతోంది. ఇప్పుడు ఎక్కితే చీకటిపడేలోపు మందు అయిపోతుంది. నువ్వు పొయ్యి, నేను చూసుకుంటాను."

ఇక నాకు కాదనే శక్తి లేదు. లేచాను. రెక్క మీద ట్యాంకు మూత తీసి, గరాటు పెట్టి, ఒక క్యాను తెచ్చుకున్నాను. వెనక బాబాయ్ చెప్పుకుపోతూనే ఉన్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుడ్డ కూడా ఆరిపోయింది. ఇంజన్ ఆగింది. చుట్టూ మబ్బులు, చప్పుడు లేదు. అప్పుడు నేనేం చేశానంటారు?"

"ఏం చేశావ్?" అన్నాడు మేస్త్రి.

"తలుపు తీసుకుని దిగాను. మబ్బు మీదికి. దిగి, తోశాను."

మామూలుగా ఇలాంటి చోట బాబాయ్ బల్ల మీద చరుస్తాడు. గొంతు పెంచుతాడు. ఈసారి గొంతు తగ్గింది. కాళ్లు చాపుకుని, పిక్క నొక్కుకుంటూ చెప్పడం మొదలుపెట్టాడు.

"తోయడమంటే మాటలనుకుంటారు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి సీటు వెనక. బరువంతా ఒక పక్కకే లాగేస్తుంది. క్యాన్లు ఊగుతుంటాయి, ఊగినప్పుడల్లా మోకాలికి తగులుతాయి. ఎండేమో మాడు మీద. కాస్త దూరం తోసి మళ్లీ కిక్కు కొట్టి చూస్తాం. గుర్రుమంటుంది, ఆశపెడుతుంది, కాస్త పోయి ఆగిపోతుంది. మళ్లీ కొడతాం. పిక్క పట్టేస్తుంది. కల్వర్టు దగ్గర ఎత్తు ఎక్కేసరికి చెప్పు తెగింది. అప్పుడొకాయన కార్లో పోతూ అద్దం దించి, పెట్రోలైపోయిందా పెద్దాయనా అన్నాడు. లేదయ్యా, ఇప్పుడే కొట్టించాను అన్నా. నవ్వుకుంటూ పోయాడు. ఒక్కడు ఆగలేదమ్మా, ఎంతమంది పోయారో. ఒక కుక్క మాత్రం వెంట వచ్చింది..."

అక్కడ ఆగిపోయాడు. బల్ల కింద కుక్క తలెత్తి ఆయన వంక చూసింది.

నా చేతిలో క్యాను అప్పటికే వంచి ఉంది. నిలబెట్టేశాను.

పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. పొద్దున్నుంచి ఆవిడ కూర్చోవడం అదే మొదలు.

"ఏవండీ, మబ్బుల్లో కల్వర్టెక్కడిది?"

"పెద్ద మబ్బులు" అన్నాడు బాబాయ్, కానీ ఆ మాటలో పస లేదు.

"విమానానికి కిక్కు కూడా ఉంటుందా?"

బాబాయ్ చాపుకున్న కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు.

"ఇన్నేళ్లనుంచి వింటున్నాను, మీ కథలో నేను నమ్మింది ఇదొక్కటే. తోయడం" అంది పిన్ని. "కారాయనతో ఇప్పుడే కొట్టించానన్నారు చూడండి, బండికి. ఎక్కడ కొట్టించారు? ఈ క్యాన్లు నింపిన పంపులోనేనా?"

ఆయన చెప్పు కేసి చూసుకున్నాడు.

"అదే పంపు" అన్నాడు. "బంకు దాటి పావు మైలు రాలేదు, ఆగిపోయింది. ఉత్త చేతుల్తో ఎలా రమ్మంటావ్? వారం నుంచి చూస్తున్నాం కదా అమ్మాయి మొహం. నా బండంటే పాతది, కార్బురేటర్లో నలకేదో అడ్డం పడుంటుందిలే అనుకున్నా. దానికీ దీనికీ లంకె ఏముంది?"

నేను కడిగిన టీ గ్లాసు ఒకటి తీసుకుని, సన్న గొట్టం క్యాను అడుగుదాకా దించి, గ్లాసు నింపాను. వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. పైన పెట్రోలు. కింద ఇంకేదో. మధ్యలో గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. గ్లాసు బల్ల మీద పెట్టాను. మేస్త్రి ఇప్పుడు కళ్లు పూర్తిగా తెరిచాడు.

చెల్లి ఆ గ్లాసు వంకే చూస్తూ నిలబడింది. హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది. "వడగట్టి పైనుంచి పోస్తే?" అంది. ఆ మాట తనకే నచ్చలేదని గొంతులోనే తెలుస్తోంది. ఫోన్ మోగింది. పొలాలవాళ్లది. ఎత్తలేదు.

"అవును, వడగడితే" అన్నాడు బాబాయ్ ఆశగా. "ఏముందీ, నా బండి మాత్రం ఆగితే ఏమైంది, వచ్చాను కదా క్షేమంగా."

పిన్ని ఆయన తెగిన చెప్పు వైపు చూసింది. కోపంగా కాదు, చాలా అలిసిపోయినట్టు అంది.

"మీ బండి ఆగితే మీరు కాలు కింద పెట్టారు. అమ్మాయి బండి ఆగితే, తను కాలెక్కడ పెడుతుందండీ?"

ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. బాబాయ్ లేచాడు. కుంటుకుంటూ చెల్లి దగ్గరికి వెళ్లి, తన చేతిలోంచి హెల్మెట్ మెల్లగా తీసుకుని, గ్లాసు పక్కన పెట్టాడు.

"వాళ్లకి ఫోన్ చేసి రాలేనని చెప్పు తల్లీ" అన్నాడు.