అనగూడదు చెట్టు

మేకల ఓబులమ్మ గుట్ట మీదికి మేకల్ని తోలుకొని పోతావుంటే, ఒక ఆడపిల్ల నేలలో నాలుగు గూటాలు కొట్టి, చుట్టూ తాడు కట్టి, దాని పక్కన బోర్లా పండుకోనుందంట. ఏమ్మా, ఏం పోగొట్టుకొన్యావు అనింది ఓబులమ్మ. ఏం పోలేదవ్వా, నా పేరు జమీలా, కాలేజీలో చెట్ల సదువు సదువుతాండా, ఈ తాడు లోపల ఏమేం చెట్లు ఎన్నెన్ని ఉండాయో రాసుకొంటాండా అనిందంట ఆ పిల్ల. ఓబులమ్మకు నవ్వొచ్చె. గడ్డిని లెక్కేసేదానికి కూడా సదువుండాదా అనుకొని, మేకల్ని వాటి పాటికి వదిలేసి తాడు పక్కనే కుచ్చునింది. ఇంగ సూడు, పిల్ల వేలు పెట్టేది, అవ్వ పేరు చెప్పేది. ఇది పల్లేరు, ఇది తుమ్మి, ఇది ఉత్తరేణి. తాడు పీకేది, ఇంగోచోట కట్టేది. మద్దేనానికి ఇద్దరూ ఒకే సద్ది తింటాండారనుకో.

ఏమైందంటే, ఒక బండ సందులో తెల్లచారల ఆకు చెట్టు కనపడింది. ఇదేం చెట్టవ్వా అనింది పిల్ల. దాన్ని అనగూడదు అనింది అవ్వ. పిల్ల ఏం చేసిందనుకొన్యారు? అదే దాని పేరనుకొని 'అనగూడదు' అని పుస్తకంలో రాసుకొనింది. గుట్టంతా తిరిగి, అనగూడదు పదకొండు అని లెక్క తేల్చింది. అది మేకలకు కడుపుబ్బరం వస్తే పసరు పోసే చెట్టులే. దాని పేరు పైకి అనగూడదు. ఆ పసరు పోసే పని ఇంగొకరికి ఒప్పజెప్పేటప్పుడు ఆ ఒక్కరి చెవిలోనే చెప్పాల, చెప్పినాక చెప్పినోళ్ల చేతికి గుణం పోతాది. ఓబులమ్మకు వాళ్లత్త అట్లనే చెప్పింది. ఓబులమ్మకూ ఒక కోడలుండాది, ఉంటే ఏం, ఆమెకు మేకల వాసనే పడదంట.

వారానికి పిల్ల మళ్లా వచ్చె. అవ్వా, అట్లాంటి పేరే యాడా లేదంటాండాడు మా సారు, సరైన పేరన్నా తేవాల, చెట్టును వేర్లతో పీకన్నా తేవాల, లేకుంటే రికార్డు మీద సంతకం పెట్టడంట అనింది. పీకితే ఎన్ని మిగుల్తాయి అనింది అవ్వ. పది అనింది పిల్ల. నేను కాపురానికొచ్చినప్పుడు ఈ వాలంతా అదే గదమ్మా, పదకొండేనా అని అవ్వ బండ మీద కూలబడిందంట. మేకలు యాడికి పోయినాయో కూడా సూడలేదు. పొద్దు వాలినాక పిల్లను దగ్గరికి పిలిచి, చెవిలో చెప్పింది. పిల్ల వినింది, పెన్ను మాత్రం తియ్యలేదు. పోయి సారుతో, దాని పేరు అనగూడదే సార్ అనిందంట. సారు దాని చుట్టూ ఎర్రగా గీసి, పక్కన ప్రశ్న గుర్తేసి, చివరాఖరికి సంతకం పెట్టినాడు. ఆ పొద్దు నుంచి అవ్వ మాత్రం ఆ ఆకు ముట్టలేదు.

ఆ కోడలు ఎవరనుకొన్యారు, నేనే. అత్త పోయి మూడేండ్లాయె, మేకలు నా నెత్తిన పడినాయి. జమీలా ఇప్పుడు పక్కూర్లోనే పంతులమ్మ. ఒక మేక ఉబ్బిందంటే నేను ఫోన్ చేసేది, ఆ పిల్ల బండి ఏసుకొని వచ్చి పసరు పోసేది, పోతాపోతా గుట్టెక్కి లెక్కేసేది. ఇరవైమూడైనాయంట. ముప్పై ఏండ్లు అత్తతో ఒకే పొయ్యి కాడ కూడు తింటి, ఒక్కనాడన్నా ఇదేం చెట్టత్తా అని అడిగితినా? యాడిదో పిల్ల అడిగింది, దానికి దక్కింది. నాకు కడుపు మండుతాది, ఎవరి మీదనో తెలీదు. మొన్న సిగ్గిడిసి ఆ పిల్లనే అడిగినా, దాని పేరేం పాపా అని. నవ్వి, అనగూడదత్తా అనింది.