గ్రీకుకూ బాస్కుకూ నడుమ ఒక తువ్వాల

ఆర్మూర్ పసుపు యార్డులో వరుస చివరన భూమన్న కుప్ప ఉంది. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, రుద్ది తెచ్చిన కొమ్ములు. పైన మబ్బు కమ్ముకొస్తోంది. పైన కప్పడానికి ఉన్న తాటిపత్రి కుప్పకు సగం దాకానే వస్తుంది. తడిస్తే రంగు పోతుంది, రంగు పోతే ఆ ఏడాది కష్టమూ పోతుంది. దలాల్ ఎర్రన్న భుజాన తువ్వాలతో వచ్చి నిలబడ్డాడు. అక్కడ ధర నోటితో చెప్పుకోరు. తువ్వాల కింద చెయ్యీ చెయ్యీ పట్టుకుని వేళ్లతో తేల్చుకుంటారు. భూమన్న చెయ్యి చాపబోయాడు.

"జర ఆగు బావా," అన్నాడు పక్కనే ముత్తెన్న టీ కొట్టు బల్ల మీద కూర్చున్న లక్ష్మీరాజం. దుబాయి పోయి వచ్చినవాడు. అతను నోరు తెరిస్తే నలుగురు ఆగుతారు. గుట్టవైపు తిరిగి దండం పెట్టుకుని మొదలుపెట్టాడు.

"సిద్ధులగుట్ట మీది శివయ్య సాక్షిగ జెప్తున్న. నేనేం గొప్పోణ్ని గాదు. దుబాయి రేవుల ఓడలకు చాయ్ మోసినోణ్ని, గంతే. గా ఓడల్ల ఒక దాంట్ల కప్తాను గ్రీకోడు, మిషిన్లు జూసే పెద్దాయన బాస్కోడు. బాస్కులంటె స్పెయినుకు ఫ్రాన్సుకు నడుమ గుట్టలల్ల ఉండే జనం. ఒకని మాట ఇంకోనికి దెల్వది. నేను చాయ్ ఇచ్చుకుంటనే గ్రీకు నేర్చిన. అల్కగనే వచ్చింది, ఎందుకంటె గది మన మంత్రాలకు దూరపు సుట్టం. మన అయ్యగారు పంచ, సప్త, అష్ట, దశ అంటడు గద, గ్రీకోడు పెంతె, ఎప్తా, ఒక్తో, దెక అంటడు. పొయ్యి మీద పాలు వెట్టి మొదలువెట్టిన, పాలు పొంగేటాళ్లకు శివపూజ మొత్తం గ్రీకుల జదివిన."

"పాలు విరిగిపోలేదా?" అన్నాడు ముత్తెన్న గ్లాసులు కడుగుతూ.

"భక్తితోని జదివితె ఎందుకు విరుగుతయ్? ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? బాస్కాయన తానికి వోయిన. పాపం, గా భాషకు లోకంల అక్క లేదు, చెల్లె లేదు. ఒకటి, రెండు, మూడు అనేటందుకు బాట్, బీ, ఇరు అంటరు. చుట్టుపక్కల ఎవ్వల మాటలతోని కలువది. ఇన్నంక నాకు కండ్లల్ల నీళ్లు దిరిగినయ్. గని నడక జూస్తె మన మాట తీరే. ఇంట్లకెల్లి అనాలంటె గ్రీకోడు 'కెల్లి' అనే ముక్కను ఇంటి ముందట నిలవెడ్తడు. బాస్కోడు మనలెక్క ఇంటి ఎనుక తోక అతికిస్తడు. నలభై అన్నా రెండిరవైలు అంటడు."

"మా అవ్వ సుత గట్లనే లెక్కవెడ్తది," అన్నాడు భూమన్న. చాపబోయిన చెయ్యి ఒడిలోకి వచ్చేసింది.

"ఇంకోటి ఇను. బాస్కులు పని జేసినోని పేరుకు ఒక గుర్తు తగిలిస్తరు. ఊకె కూసున్నోని పేరు ఉత్తగ ఇడిసిపెడ్తరు."

"గట్లయితె గాడ నీ పేరు ఉత్తదే, రాజం," అన్నాడు ముత్తెన్న.

లక్ష్మీరాజం నవ్వలేదు. కుప్ప మీద ఒక చినుకు పడింది. భూమన్న భార్య గంగమణి తాటిపత్రిని అటు లాగితే ఇటు తేలింది. "ఏమంటవ్ భూమన్నా, నేను ఇంకో కుప్పకాడికి వోవాలె," అన్నాడు ఎర్రన్న.

"జర ఇననియ్," అన్నాడు భూమన్న.

"ఓడల గా ఇద్దరికి లొల్లి వడ్డది. నా భాష పాతదంటె నా భాష పాతదని. కప్తాను గ్రీకుల షురూ జేసిండు. డాక్టర్ల మాటలు నావి, లెక్కల మాటలు నావి అని ఊరోళ్లకు బదులిచ్చిన సామాన్లు మల్ల ఏరుకున్నట్టు ఏరుతుంటె, సముద్రం అలలు ఆపుకొని ఇన్నది. బాస్కాయన ఒక్కటే అన్నడు, 'నువ్వు రాకముందుకెల్లి నేను గుట్ట మీదున్న.' ఇగ నేను లేశిన. ఇల్లు అనే బాస్కు మాట వట్టుకొని తోక ఎనుక తోక అతికించుకుంట వోయిన. ఇల్లు, ఇంట్ల, ఇంట్లకెల్లి, ఇంట్లకెల్లి వచ్చినోడు, వచ్చినోని తమ్ముడు... మాట పెరిగి పెరిగి ఓడ అంచుకెల్లి రేవు గట్టు దాక వడ్డది. జారకుంట మీద గ్రీకు ముక్కలు అడ్డం వెట్టిన. హమాలీలు గా మాట మీదికెల్లి నడుసుకుంట బస్తాలు దించిండ్రు."

"ఏం బస్తాలు?" అన్నాడు ఎర్రన్న.

"పసుపువే. మన ఆర్మూర్ పసుపే. అమ్మేది గ్రీకోడు, కొనేది బాస్కోడు. ధర తెగుతలేదు. ఒకని భాషల అడిగితె ఇంకోనికి కోపం. శివయ్యను దల్సుకొని నా భుజం మీది తువ్వాల దీసి ఇద్దరి చేతుల మీద కప్పిన. ఏలు ఏలుకు దాకింది. ఒక్కలు నోరు మెదపలే. ధర తెగింది. ఇద్దరు ఏడ్సిండ్రు బావా, నేను సుత ఏడ్సిన. గా ఇద్దరే రేపు పొద్దుగాల మన యార్డుకు వస్తున్నరు. నడుమ నేనుంట. గీ రాత్రికి కుప్ప అమ్మకుంట ఆపు."

భూమన్న మబ్బువైపు చూశాడు, తర్వాత లక్ష్మీరాజం వైపు. గంగమణి తాటిపత్రి అంచు వదలకుండానే అడిగింది.

"అన్నా, తువ్వాల కప్పినంక వాళ్లిద్దరు ఏ భాషల మాట్లాడిండ్రు?"

"ఏ భాషల గాదు చెల్లె. ఉత్త ఏళ్లతోని."

"మరి నువ్వేం జేశినవ్?"

"తువ్వాల కప్పిన."

"గా తువ్వాల ఎర్రన్న భుజం మీద సుత ఉన్నది గదనే," అంది గంగమణి.

భూమన్న లేచి చెయ్యి చాపాడు. ఎర్రన్న తువ్వాల రెండు చేతుల మీదా పడింది. గుడ్డ కింద వేళ్లు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. భూమన్న తల ఊపాడు.

చినుకులు జోరందుకున్నాయి. గంగమణి తట్టతో కొమ్ములు ఎత్తుతుంటే బస్తా మూతి పట్టుకునేవాళ్లు లేరు. లక్ష్మీరాజం బల్ల మీంచి దిగి వచ్చి పట్టుకున్నాడు. ఒకటి నిండితే ఇంకోటి. చొక్కా తడిసి వీపుకంటుకుంది, చేతులు మోచేతుల దాకా పసుపయ్యాయి.

"ఇగ నీ పేరుకు సుత గుర్తు తగిలిస్తరు, రాజం," అన్నాడు ముత్తెన్న కొట్టులోంచి.

"బాస్కులయితెనే," అన్నాడు లక్ష్మీరాజం గంభీరంగా, బస్తా మూతి వదలకుండా. "గ్రీకుల గట్ల గాదు. పని జేసినోడు, కూసున్నోడు అందరు ఒక్కటే."