రాయనక్కర్లేని పరీక్ష

సంచిలో పాస్‌పోర్టు పెట్టుకోవాలి, పెన్సిలు చెక్కుకోవాలి, తొమ్మిదింటికల్లా ఇంగ్లీషు పరీక్షకు చేరాలి. ఆమె చెప్పులు వేసుకుంటుండగానే బాబాయి తలుపు గడియపెట్టి మూతి మీద గుద్దాడు.

"ఏదీ, ఇప్పుడు మాట్లాడవే ఇంగ్లీషు, ఒక్క ముక్క!"

ఆమె నెత్తురు ఉమ్మింది.

"ఈ పరీక్ష రాయకపోయినా పర్లేదు బాబాయ్."

"రాయకుండా పై దేశంలో సీటెవడిస్తాడే?"

"మొన్నే ఇచ్చారు. ఇది పాసైతే అక్కడ ఇంగ్లీషు క్లాసులో కూచోవడం తప్పుతుందని, అంతే."

"నాకు చెప్పకుండానా? తే ఆ పాస్‌పోర్టు, పొయ్యిలో పెడతా!"

"చంపినా ఇవ్వను."

"చంపుతానే!"

అతను కర్రకోసం వంగాడు. వెనకనుంచి పిన్ని చప్పుడు కాకుండా గడియ తీసింది. పాస్‌పోర్టున్న సంచి గుండెకు హత్తుకుని ఆమె వీధిలోకి పరుగెత్తింది.

ఆమె చేరాల్సినచోటికి చేరుతుంది. ఆ కర్రతో పాటు లోపలే ఉండిపోయిన పిన్నిని మాత్రం మీరు గుర్తుపెట్టుకోండి.